జాంతిప్పే అనే ముడి

ఏప్రిల్ పదహారో తేదీ సాయంత్రం ఏడు దాటిన కాసేపటికి, గజపతినగరం మెయిన్ రోడ్డులో ఒక పెళ్ళి ఊరేగింపు నడుస్తుండగా, క్లారినెట్ వాయిస్తున్న బోని తవిటయ్య వాయించడం ఆపేశాడు. క్లారినెట్‌ను రోడ్డు మీద పెట్టాడు. పక్కన నడుస్తున్న లైట్ల వరసలోకి పరుగెత్తి, తల మీద లైటు మోస్తున్న ఒక స్త్రీని రెండు చేతులతో తోసేశాడు. లైటు కింద పడి పగిలింది. ఆమె మణికట్టు తెగింది.

"ఒగ్గీండి! ఒగ్గీండి! కరెంటున్నాది!" అని అరుస్తూ తవిటయ్య రెండో లైటు మీదికి వెళ్ళాడు. ఆ లైట్లకు తీగలు లేవు. అవి బ్యాటరీ లైట్లు.

బ్యాండు యజమాని గురుమూర్తి అప్పుడు మైకు పట్టుకుని పాడుతున్నాడు. పాట విడుదలై మూడు రోజులైంది. పెళ్ళికొడుకు స్నేహితులు అదే కావాలన్నారు. గురుమూర్తి బ్యాండు వాళ్ళకు పొద్దున్న ఈల వేసి వరస నేర్పాడు. మాటలతో పాడటం అదే మొదటిసారి. పల్లవి రెండోసారి అందుకునేలోపు తవిటయ్య వరసలో లేడు.

"ఏటి మాస్టారూ, మీవోడు పుచ్చుకొచ్చాడా?" అన్నాడు పెళ్ళికొడుకు బావమరిది.

"ఆడు ముట్టడు. అదే నాకూ తెలీడం లేదు."

నలుగురు పట్టుకుని తవిటయ్యను కాలవ గట్టు మీద కూర్చోబెట్టారు. కాసేపు రెండు చేతులూ ముందుకు చాచి, దేన్నో ఎత్తుకున్నట్టు ఉన్నాడు. తరువాత చేతులు దించి, చుట్టూ చూసి, "పాట అయిపోనాదా?" అని అడిగాడు.

గురుమూర్తి తవిటయ్య భార్య నూకరత్నానికి ఫోన్ చేశాడు. ఏం జరిగిందో చెప్పాడు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఏ పాటండీ?"

"కొత్తదిలే అమ్మా. తిప్పే తిప్పే అని."

"సరిగ్గా సెప్పండి."

"జాంతిప్పే."

ఆ మాట మరొకరి నోట వినడం నూకరత్నానికి అదే మొదటిసారి. ఆమె ఫోన్ పెట్టేసి విశాఖపట్నంలోని స్మృతి పరిశోధనాలయానికి ఫోన్ చేసింది.

*

తవిటయ్య, నూకరత్నం దంపతులకు లిఖిత అనే కూతురు ఉండేది. నాలుగేళ్ళ కిందట, బొండపల్లి దగ్గర ఒక పెళ్ళి ఊరేగింపులో, చినుకులు పడుతున్నప్పుడు, జనరేటరుకు తగిలించిన లైటు స్తంభం పట్టుకుని చనిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి ఆమెకు ఎనిమిది అడుగుల ముందు నడుస్తున్నాడు. పిల్ల అరిచిందని వెనక ఉన్నవాళ్ళు చెప్పారు. తవిటయ్యకు ఆ అరుపు వినిపించలేదు. అతను వాయిస్తున్నాడు.

ఆ తరువాత క్లారినెట్ నోట పెట్టుకున్న ప్రతిసారీ తవిటయ్య మధ్యలో ఆపి వెనక్కి చూసేవాడు. తరువాత పెట్టుకోవడమే మానేశాడు. నిద్ర పోయింది. తిండి తగ్గింది. రెండేళ్ళు అలా నడిచాక, విజయనగరం ప్రభుత్వాసుపత్రిలో ఒక నర్సు చెప్పగా నూకరత్నం అతన్ని పరిశోధనాలయానికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టర్ కొల్లూరు మృణాళిని చేస్తున్న పనికి 'ముడి' అని పేరు. నూకరత్నం ఊరు అనకాపల్లి దగ్గర అని తెలిశాక డాక్టర్ ఆమెకు బెల్లంతో పోల్చి చెప్పింది.

"పాకం మెత్తగా ఉన్నప్పుడే కదమ్మా అచ్చులో పోస్తారు? గట్టిపడ్డాక పోయలేరు. జ్ఞాపకమూ అంతే. తలుచుకున్నప్పుడల్లా మెత్తబడుతుంది. కాసేపటికి మళ్ళీ గట్టిపడుతుంది. ఆ కాసేపట్లో మేము దాన్ని ఒక మాటకు కట్టేస్తాం. ఆ తరువాత ఆ మాట వినిపిస్తేనే అది తెరుచుకుంటుంది. లేకపోతే తెరుచుకోదు."

"పిల్లని మర్సిపోతాడా?"

"కూతురు ఉండేదని, పోయిందని తెలుస్తుంది. పేపర్లో చదివినట్టు తెలుస్తుంది. ఆ రోజు కళ్ళకు కట్టదు. ముఖం కూడా రాకపోవచ్చు. మీరు ఆ మాట అన్నప్పుడు మాత్రం అంతా వస్తుంది. నిద్రపోతే మళ్ళీ మూసుకుంటుంది."

"ఏడాదికోసారి అనొచ్చా? ఆ రోజున?"

"అనొచ్చు. చాలామంది అలాగే అడిగారు."

మాటను ఎంచుకోవడానికి కమిటీ ఉంది. ఆ మాట తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వాడుకలో ఉండకూడదు. దేవుడి పేరు కాకూడదు. సినిమా పేరు, ఊరి పేరు కాకూడదు. రోగి జీవితంలో ఎవరి నోటా వినపడే వీలు ఉండకూడదు. సభ్యుల్లో ఒకాయన ప్రాచీన గ్రీకు స్త్రీ పేరు ఒకటి ప్రతిపాదించాడు. సోక్రటీసు భార్య పేరు. ఆమె గురించి నికరంగా తెలిసింది తక్కువ. పిల్లలున్నారు. భర్త విషం తాగే రోజున జైలుకు వచ్చింది. ఏడ్చింది. ఇంటికి పంపేశారు. గయ్యాళి అని భర్తను ఎరిగినవాడే ఒకడు రాశాడు. తరువాతి వాళ్ళు చెప్పినప్పుడల్లా ఇంకొంచెం చేర్చారు.

కమిటీ గదిలో ఆ పేరు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించింది. అందరూ దాన్ని ఇంగ్లీషువాళ్ళు పలికినట్టు 'జాన్‌థిపీ' అని పలికారు. తెలుగులో ఎవరూ రాసి చూడలేదు. అభ్యంతరం లేదని లేచారు.

ముడి వేసేటప్పుడు వినిపించే గొంతు రోగికి దగ్గరి వాళ్ళదే కావాలి. నూకరత్నం గొంతు రికార్డు చేశారు. ఆమె ఆరో తరగతి వరకు చదివింది. కాగితం మీద తెలుగులో రాసిచ్చిన అక్షరాలను కూడబలుక్కుని చదివింది.

"జాం... తి... ప్పే. జాంతిప్పే. ఇంతేనా?"

సౌండ్ గదిలో ఉన్న మనిషి బొటనవేలు ఎత్తి చూపాడు. గొంతు స్పష్టంగా ఉంది, అది చాలు. అదే మాట పెట్టిన మరి పదిమంది రోగుల బంధువులు కూడా అదే కాగితం చదివారు. అందరూ దాదాపు అలాగే చదివారు.

ముడి పడింది. తవిటయ్య తల మీద తీగల టోపీతో పడుకుని ఆ రోజు జరిగినదంతా మొదటినుంచి చెప్పాడు. అతను చెబుతున్నంతసేపూ నూకరత్నం గొంతు ఆ మాటను అంటూనే ఉంది. పని పూర్తయ్యాక, అతను చెప్పినదాని రికార్డును నిబంధన ప్రకారం చెరిపేశారు. రోగి జ్ఞాపకం మరొకరి చేతిలో ఉండకూడదని ఆ నిబంధన.

తవిటయ్య ఇంటికి వచ్చి మూడో రోజు క్లారినెట్ పెట్టె తీశాడు. ఆ ఏడాది మాఘమాసపు ముహూర్తాలన్నిటికీ వాయించాడు. లిఖిత పోయిన తిథి నాడు నూకరత్నం తలుపు గడియ పెట్టి, అతని పక్కన కూర్చుని, ఆ మాట అంది. ఇద్దరూ ఏడ్చారు. అతను నిద్రపోయాడు. మరుసటి ఏడూ అలాగే జరిగింది.

*

డాక్టర్ మృణాళిని ఆ పాటను కారులో, ఫోన్లో, మద్దిలపాలెం కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో విన్నది. పాట ఇలా మొదలవుతుంది.

జాంతిప్పే జాంతిప్పే
కన్ను తిప్పే జాంతిప్పే
ఊరినంతా కాలి మీద
తిప్పే తిప్పే జాంతిప్పే

రాసినవాడు ఈరంకి మురారి. అతని ఫోన్ నంబరు దొరకడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

"ఆ పేరు మీకు ఎలా తెలిసిందండీ?"

"డిగ్రీలో మా ఫిలాసఫీ మాస్టారండీ. వాళ్ళావిడ క్యారేజీ ఆలస్యంగా పంపితే, మా జాంతిప్పే ఇవాళ అలిగిందర్రా అనేవారు. క్లాసంతా నవ్వేది. పేరులోనే తిప్పే ఉంది చూడండి. కన్ను తిప్పే, నడుము తిప్పే, మూతి తిప్పే. నేను కలిపింది ఏముంది? దేవుడిచ్చిన ప్రాస."

 డాక్టర్ విషయం చెప్పింది. రోగుల పేర్లు చెప్పలేదు.

"అయ్యో," అన్నాడు మురారి. "నిజంగా అయ్యో అండీ. కానీ పాట ఇప్పుడు నా చేతిలో ఉందా చెప్పండి? నిర్మాత చేతిలో కూడా లేదు. పొద్దున్న మా వీధిలో పునుగుల బండికి ఆ పేరు పెట్టారు. ఎవరి కాళ్ళు పట్టుకోమంటారు?"

"మీరు తెలుగులో రాశారు కాబట్టి మీకు కనిపించింది," అంది డాక్టర్.

"ఏం కనిపించింది?"

"తిప్పే."

ఆ నెలలో ఆ పేరుతో చీరలు వచ్చాయి. బొంగరాలు వచ్చాయి. సినిమాలో ఆ పాటకు ఆడే నర్తకి పసుపురంగు గుర్రం మీద వస్తుంది. ఆ పేరుకు గ్రీకులో పసుపు గుర్రం అనే అర్థం ఉందని మురారి ఒక టీవీ కార్యక్రమంలో చెప్పాడు. పాయకరావుపేటలో ఒక రోగి ఇంటి కిటికీలకు పరుపులు అడ్డం పెట్టుకున్నాడు. పరిశోధనాలయం కొత్త రోగులను చేర్చుకోవడం ఆపేసింది.

*

నూకరత్నం భర్తను ఇంట్లోనే ఉంచింది. చెవుల్లో దూది పెట్టింది. టీవీ కనెక్షన్ పీకేసింది. వారం తరువాత గురుమూర్తి ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"ఏటమ్మా, నీ మొగుణ్ణి కొంగున ముడేసుకుని కూకుంటే నా బ్యాండు ఏటవ్వాల? క్లారినెట్ లేని బ్యాండు ఉప్పులేని పప్పు."

"ముడేసింది నాను కాదు మాస్టారూ."

"మరెవరు?"

 లోపల తవిటయ్య దూది తీసి వింటున్నాడు.

"పాట మానెయ్యండి. నా మొగుణ్ణి పంపుతాను," అంది ఆమె.

"ఆ పాట మానేస్తే పెళ్ళికొడుకు గుర్రం దిగిపోతాడు. నన్నేటి సెయ్యమంటావు? పాడకపోతే నోట్లో మైకు కుక్కుతారు."

తవిటయ్య గుమ్మంలోకి వచ్చాడు. "నానొస్తాను మాస్టారూ," అన్నాడు.

అతను అప్పటికే ఇంట్లోంచి బయటికి వెళ్ళి వస్తున్నాడని నూకరత్నానికి ఆ రోజు తెలిసింది. వీధి చివర కిళ్ళీ బడ్డీ దగ్గర ఆ పాట మోగుతుంది. మొదటిసారి అక్కడ అతను బెంచీ పట్టుకుని వణికాడని బడ్డీ నడిపే ఆదిలక్ష్మి చెప్పింది. నాలుగోసారికి వణకలేదు. తరువాత తనే, "ఆ పాటెయ్యమ్మా," అని అడగడం మొదలుపెట్టాడు.

"పిల్ల కనిపిస్తున్నాది రత్నం," అన్నాడు తవిటయ్య భార్యతో. "ఏడాదికోసారి కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు. దూది ఎందుకే నాకు?"

"బాధ లేదా మావా?"

"ఉన్నాది. మొదట్లో ఉన్నంత లేదు."

నూకరత్నం డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టర్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. బాధ తగ్గుతోంది. మెలకువలో తగ్గుతోంది. ఇది తాను వెతుకుతున్నదానికంటే పెద్దది కావచ్చని ఆమె తన బృందంతో అంది. తవిటయ్య పనికి వెళ్ళొచ్చని నూకరత్నానికి చెప్పింది.

అతను వెళ్ళాడు. ఊరేగింపుల్లో ఆ పాట వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని వాయించాడు. ఎవరినీ తోయలేదు. పాట మళ్ళీ మళ్ళీ వాయించమంటే వాయించాడు. గురుమూర్తి సంతోషించాడు. "ముడి తీసేశావా అమ్మా?" అని ఫోన్లో నవ్వాడు.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నూకరత్నం చింతపండు పిసుకుతుండగా తవిటయ్య అన్నాడు:

"ఎంత బాగా ఎగిరిందే పిల్ల."

"ఏ పిల్ల?"

"మన పిల్లే. ఆ పెళ్ళిలో. ఈ పాటకి."

నూకరత్నం చెయ్యి గిన్నెలోనే ఆగింది. "ఆ పాట అప్పుడు లేదు మావా. మొన్నొచ్చినాది."

"లేకేటి? నానే వాయించాను కదా. మెరుపుల లంగా ఏసుకుని నా ముందరే ఎగిరింది. నడుం మీద సెయ్యేసుకుని, ఇలగ."

లిఖితకు మెరుపుల లంగా లేదు. ఆ పిల్ల ఎవరి ముందూ ఎగరలేదు. సినిమాలో నర్తకికి మెరుపుల లంగా ఉంది.

"తరవాత ఏటైనాది?" అంది నూకరత్నం.

"తరవాత ఏటుంది? పాట అయిపోనాది. ఇంటికొచ్చేసినాం."

ఆమె డాక్టరుకు ఫోన్ చేయబోయి మానేసింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. భర్త రాత్రుళ్ళు నిద్రపోతున్నాడు. రెండు పూటలా తింటున్నాడు. పొద్దున లేచి ఈల వేస్తున్నాడు. నాలుగో రోజు గోడ మీద కూతురి ఫొటోకు ఉన్న దండ కనిపించలేదు. చెత్తబుట్టలో ఉంది.

"ఎందుకు తీసినావు?"

"బతికున్న పిల్లకి దండేటే? ఎవరేసినారు? అపశకునం."

ఆ సాయంత్రం ప్రాథమిక పాఠశాల నుంచి టీచరు ఫోన్ చేసింది. తవిటయ్య బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వేసవి శిబిరానికి వచ్చిన పిల్లలందరూ వెళ్ళిపోయారు. గేటు వేస్తామన్నా కదలడం లేదు. ఐదో తరగతి లిఖిత ఇంకా రాలేదంటున్నాడు.

నూకరత్నం వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. దారి పొడవునా అతను వెనక్కి చూస్తూ నడిచాడు.

*

పరిశోధనాలయంలో తవిటయ్యకు టోపీ పెట్టి, పాట వినిపించి, చెప్పమన్నారు. అతను చెప్పాడు. నర్తకి, గుర్రం, లిఖిత, మెరుపుల లంగా, ఇంటికి రావడం. డాక్టర్ మృణాళిని తెర మీది గీతలు చూసింది. గీతల్లో అబద్ధం చెబుతున్న లక్షణం ఏదీ లేదు.

అతన్ని పక్కగదికి పంపి ఆమె నూకరత్నాన్ని కూర్చోబెట్టింది.

"మెత్తబడినప్పుడల్లా ఏది పక్కనుంటే అది అంటుకుంటుంది. ఏడాదికి ఒకసారి మీరు తెరిచినప్పుడు పక్కన మీరున్నారు. ఇప్పుడు రోజుకు ఎన్నోసార్లు తెరుచుకుంది. పక్కన ఆ పాట ఉంది."

"మొదటిది ఎక్కడికి పోనాది?"

"లేదు. పైన ఇది గట్టిపడింది. కింద వేరేగా మొదటిది ఉండదు."

"ఆయన మీకు మొదటినుంచి సెప్పినాడు కదా. అప్పుడు మీ మిషన్లో పట్టినారు కదా."

"చెరిపేశామమ్మా. అది నిబంధన."

డాక్టర్ నాలుగేళ్ళ కిందటి ఆ పెళ్ళివారి వీడియోను ముందే తెప్పించి చూసింది. వీడియో తీసినతను చివరిదాకా పెళ్ళికొడుకు కారునే తీశాడు. ఒక్క ఫ్రేములోనూ లిఖిత లేదు.

"రెండు దారులున్నాయి," అంది డాక్టర్. "ఇలాగే వదిలేయవచ్చు. చెవిన పడినప్పుడల్లా ఇది ఇంకా గట్టిపడుతుంది. ఆయన ఆ పిల్ల కోసం రోజూ ఎదురు చూస్తాడు. ఎందుకు రాలేదో ఆయనకు అర్థం కాదు. రెండోది, మేము తెరిచి మెత్తబరుస్తాం. అప్పుడు ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా జరిగింది జరిగినట్టు పక్కన కూర్చుని చెప్పాలి. అది అంటుకుంటే, ముడి విప్పేస్తాం. ఆ తరువాత ఆ పేరు ఒట్టి పేరు. కానీ జ్ఞాపకం మామూలుగానే ఉంటుంది. ఎప్పుడైనా వస్తుంది."

"మునపటిలాగ."

"అవును. మునుపటిలాగే."

"అంటే పిల్లని నాను మళ్ళీ సంపాల."

"నేను అలా అనలేదు నూకరత్నంగారూ."

"మీరనరు. సదువుకున్నోరు."

 కిటికీ అవతల తవిటయ్య బెంచీ మీద వేళ్ళతో క్లారినెట్ మీటలు నొక్కుతున్నట్టు నొక్కుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"నవ్వుతున్నాడు సూడండి," అంది నూకరత్నం. "నాలుగేళ్ళ తరవాత నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాను తీసెయ్యాలా?"

"మీరు వద్దంటే నేను చేయను. మీ ఇద్దరి బదులు నేను నిర్ణయించలేను. ఆయన్ని అడుగుదామంటే, ఆయనకు తెలిసింది పాటలోని ఈ పిల్లే. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను."

నూకరత్నం పక్కగదికి వెళ్ళి భర్త పక్కన కూర్చుంది. తవిటయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పిల్లకి క్లారినెట్ నేర్పుతానే," అన్నాడు. "దానికి నా వాయిద్యమంటే ఎంత ఇష్టమో. నా ఎనకే తిరుగుతాది."

నూకరత్నం అతని ముఖం చూసింది. తరువాత లేచి డాక్టర్ గదిలోకి వచ్చింది.

"ఆ ఎగిరే పిల్ల నా పిల్ల కాదు డాక్టరమ్మగారూ. నా పిల్లకి బ్యాండంటే బయ్యం. ఆళ్ళ నాన్న ఇంట్లో వాయిస్తే సెవులు మూసుకుని గొడ్లసాలలోకి ఎల్లిపోయేది. నాన్నా ఆపు నాన్నా అని తిట్టేది. ఆయనకి అదీ పోనాది. నాకొక్కర్తికే ఉన్నాది. రేపు నాకూ పోతే?"

"అంటే?"

"తెరవండి."

*

మే ఇరవై ఒకటో తేదీ ఉదయం పది గంటలకు తవిటయ్యను సౌండ్ గదిలో పడుకోబెట్టారు. నూకరత్నం పక్కన స్టూలు మీద కూర్చుంది. గాజు అద్దం వెనక డాక్టర్ మృణాళిని, మరో ఇద్దరు ఉన్నారు. డాక్టర్ ముందు ఒక మీట ఉంది. అది నొక్కితే ఆమె మాట లోపలికి వినిపిస్తుంది. ఈసారి రికార్డు చెరపకూడదని కమిటీ ముందు రోజే అనుమతి ఇచ్చింది.

మందు ఎక్కించాక డాక్టర్ వేలు ఎత్తి సైగ చేసింది.

నూకరత్నం వంగి అతని చెవి దగ్గర ఆ మాట అంది. తవిటయ్య ముఖం విప్పారింది.

"పిల్లొచ్చింది," అన్నాడు.

"ఇను మావా. నాను సెప్తాను. ఇను."

"ఎగరతంది సూడు."

"ఎగరడం లేదు. ఆ రోజు నువ్వు వాయించింది ఈ పాట కాదు. పెళ్ళికూతురు తాత అడిగితే పాత భజన పాట వాయించినావు. జనం నవ్వినారు. సినుకులు పడతన్నాయి. పిల్ల నా పక్కన ఉన్నాది. సెవులు మూసుకుని ఉన్నాది. నీలం గౌను. అమ్మా, సెవులు నొప్పెడతన్నాయి, నాను లైట్ల కాడ నడుస్తాను అన్నాది. అక్కడ జనరేటరు సప్పుడుకి బ్యాండు ఇనపడదని. సరే ఎల్లు అన్నాను."

తెర మీద గీతలు పైకి లేచాయి. తవిటయ్య చేతులు కదిలాయి.

"లంగా కదే," అన్నాడు.

"గౌను. నీలం గౌను. ఎనక ఒక గుండీ ఊడిపోనాది. నాను పిన్నీసు పెట్టినాను. లైటు మోసే ముసిలమ్మకి కాలు జారింది. పిల్ల స్తంభం పట్టుకున్నాది, పడిపోకుండా. ముసిలమ్మని పట్టుకుందామని పట్టుకున్నాది మావా. ఆటకి కాదు. అప్పుడు అరిసింది. ఒక్కసారే. నువ్వు వాయిస్తన్నావు. నీకు ఇనపడదు. ఎవులికైనా ఇనపడదు, అంత దగ్గర బ్యాండుంటే. నాకే సగం ఇనపడింది."

"ఏటని అరిసింది?"

నూకరత్నం అతని ముఖం మీంచి చూపు తిప్పుకుంది.

"మాట కాదు," అంది. "ఒట్టి అరుపు."

 తవిటయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నూకరత్నం కొంగుతో తుడిచింది. రెండో చెవి అందక స్టూలు అటు జరుపుకుని తుడిచింది.

"లైటు పట్టుకున్నాది," అన్నాడు తవిటయ్య.

"అవును."

"పోనాది."

"పోనాది మావా."

డాక్టర్ పక్కనున్న ఇద్దరిలో ఒకతను గీతలు చూసి తల ఊపాడు. ఇంకా గట్టిపడలేదు, అంటుకుంటోంది అన్నాడు. ముడి విప్పడానికి కొంత సమయం ఉంది.

లోపల తవిటయ్య భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఇంకోసారి సెప్పు," అన్నాడు.

నూకరత్నం గాజు అద్దం వైపు చూసింది. డాక్టర్ తల ఊపింది. నూకరత్నం మొదటినుంచి మొదలుపెట్టింది. భజన పాట, తాత, నవ్విన జనం, చినుకులు. పిల్ల తన పక్కన ఉందని చెప్పింది. చెవులు మూసుకుని ఉందని చెప్పింది.

"పచ్చ గౌను," అంది.

"పచ్చ గౌను," అన్నాడు తవిటయ్య.

"ఎనక ఒక గుండీ ఊడిపోనాది. నాను పిన్నీసు పెట్టినాను."

డాక్టర్ మృణాళిని వేలు మీట మీదికి వెళ్ళింది. నొక్కలేదు. నూకరత్నం ఏ తేడా తెలియనట్టే చివరిదాకా చెప్పింది. పదకొండు దాటాక ముడి విప్పారు.

రికార్డులో రెండు గౌన్లూ ఉన్నాయి, నీలమూ పచ్చా.